సిస్టరమ్మ జవాబులు: బొప్పాయి మీద తిరిగిన చెయ్యి

మిలిటరీ నర్సింగ్ సర్వీసులో పనిచేసి రిటైరైన మన సిస్టరమ్మ ఇప్పుడు కర్నూలు బి.క్యాంపులో ఉంటూ నర్సింగ్ పిల్లలకు ప్రాక్టికల్స్ చెబుతున్నారు. అమెరికా సైన్యంలో స్త్రీల వైద్యం చూసే నర్సుల గురించి పోయిన నెల ఈ శీర్షికలో ఆమె రాసిన నాలుగు మాటలకు ఉత్తరాలు వరుసకట్టాయి. అందుకే ఈసారి అన్నీ ఆ సంగతులే.

ప్రశ్న: మేడం, మాది ఆదోని. కర్నూలులో బీఎస్సీ నర్సింగ్ మూడో సంవత్సరం చదువుతున్నాను. అమెరికా సైన్యంలో నర్సులే కాపర్-టీ వేస్తారు, గర్భం రాకుండా చేతిలో ఇంప్లాంట్ పెడతారు, బయాప్సీ కూడా తీస్తారు అని రాశారు. అక్కడ నర్సు అంటే డాక్టరుతో సమానమా? నేను మన సైన్యంలో చేరితే నాకూ అవన్నీ నేర్పుతారా?
– ఒక విద్యార్థిని

జవాబు: పాపా, వాళ్ళు డాక్టర్లూ కాదు, మామూలు వార్డు నర్సులూ కాదు. నర్స్ ప్రాక్టీషనర్ అంటారు. 1965లో కొలరాడో యూనివర్సిటీలో లొరెట్టా ఫోర్డ్ అనే నర్సు, హెన్రీ సిల్వర్ అనే పిల్లల డాక్టరు కలిసి మొదలుపెట్టిన చదువు అది. పిల్లలను చూసే డాక్టర్లు చాలక పుట్టిన ఆలోచన. తర్వాత శాఖలు శాఖలుగా విడిపోయింది, అందులో స్త్రీల ఆరోగ్యం ఒకటి. బీఎస్సీ అయినాక మాస్టర్స్ గానీ డాక్టరేట్ గానీ చెయ్యాలి, ఆ శాఖ పరీక్ష వేరే గట్టెక్కాలి. సైన్యం, నేవీ, ఎయిర్‌ఫోర్స్ డాక్టర్ల కోసం, నర్సుల కోసం అమెరికాలోని బెథెస్డాలో ప్రత్యేకంగా యూనివర్సిటీయే నడుపుతున్నారు.

ఇంత చదివినా ఒక లోటు ఉంటుంది. క్లినికల్ పోస్టింగ్‌లో ఉన్న ఆ కొన్ని నెలల్లో ఏ కేసు తలుపు తడితే అదే చూస్తారు. కాల్పోస్కోపీ (గర్భసంచి ముఖద్వారాన్ని భూతద్దం లాంటి పరికరంతో చూడటం) కేసులు రాకపోతే కాల్పోస్కోపీ రాదు. అందుకే పట్టా వచ్చినాక కూడా చిన్న ప్రొసీజర్లకు విడిగా చెయ్యి తిప్పించాల్సి వస్తుంది: కాపర్-టీ, ఇంప్లాంట్ వెయ్యడం తియ్యడం, గర్భసంచి లోపలి పొర బయాప్సీ, యోని ద్వారం పక్క గ్రంథికి వచ్చే బార్తొలిన్ గడ్డ కోసి చీము తియ్యడం, ఇట్లాంటివి.

గడ్డకు ట్రైనింగ్ ఎందుకు అంటావా? ఈశాన్యంలో నేను పనిచేసిన ఒక హాస్పిటల్‌కు ఒక లేడీ ఆఫీసర్ కొండ దారిలో రోజంతా జీపులో ఒక తొడ మీదే కూర్చుని వచ్చింది. యూనిట్‌లో ఉన్న డాక్టరు చిన్న వయసు అబ్బాయి. ఆయనతో తనకు జ్వరం అని మాత్రమే చెప్పింది, గడ్డ ఎక్కడుందో చెప్పలేకపోయింది. తీరా చూస్తే నిమ్మకాయంత బార్తొలిన్ గడ్డ. మా గైనిక్ మేడం మత్తు సూది వేసి, కోత పెట్టి చీము తీసేసరికి ఆ పిల్ల అట్లనే నిద్రపోయింది. అమెరికాలో దీనికి వర్డ్ కాథెటర్ అని ఒక చిన్న రబ్బరు గొట్టం వాడతారు. చిన్న కోతలోంచి దూర్చి, కొసన ఉన్న బుడగలోకి 3 మిల్లీలీటర్ల దాకా స్టెరైల్ నీళ్ళు ఎక్కించి, కనీసం నాలుగు వారాలు వదిలేస్తారు. చీము పోవడానికి శాశ్వతంగా దారి ఏర్పడుతుంది. నేర్చుకున్న నర్సు యూనిట్‌లోని చిన్న గదిలోనే చెయ్యగల పని. ఆ జీపు ప్రయాణం తప్పేది, ఆమె వెంట వచ్చిన డ్రైవరూ గార్డూ డ్యూటీలో ఉండేవాళ్ళు.

ఇక మన సంగతి. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ క్రిటికల్ కేర్‌లో రెండేళ్ళ నర్స్ ప్రాక్టీషనర్ కోర్సు పెట్టింది. మిడ్‌వైఫరీలో 18 నెలల కోర్సు ఉంది. స్త్రీల ప్రొసీజర్లకని విడిగా లేదు. మిలిటరీ హాస్పిటళ్ళలో గైనకాలజిస్టులు ఉంటారు కాబట్టి ఈ పనులు చాలావరకు వాళ్ళ చేతుల్లోనే నడుస్తాయి. అయితే ట్రైనింగ్ అయిన నర్సు కాపర్-టీ వెయ్యడానికి మన దేశంలో అనుమతి ఉంది, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను ముందే పసిగట్టే వీఐఏ పరీక్ష చెయ్యడానికీ ఉంది. ఇవి రెండూ నువ్వు కర్నూలు పెద్దాసుపత్రి పోస్టింగ్‌లోనే మొదలుపెట్టొచ్చు. మేడంలు చేసేటప్పుడు ట్రే పట్టుకుని పక్కన నిలబడి ఊరుకోకు, నాలుగు మాటలు అడుగు. విసుక్కునే వాళ్ళు విసుక్కుంటారు, చెప్పేవాళ్ళు చెబుతారు.

ప్రశ్న: అక్కా, నేను కడప జిల్లాలో ఒక పీహెచ్‌సీలో స్టాఫ్ నర్సును. కాపర్-టీ ట్రైనింగ్ అయ్యింది, సర్టిఫికెట్ వచ్చింది, చెయ్యి మాత్రం రాలేదు. గర్భసంచి లోతు కొలిచే కడ్డీ, అదే సౌండ్, లోపలికి పెట్టేటప్పుడు వేళ్ళు వణుకుతాయి. మిలిటరీ వాళ్ళు ఎట్ల నేర్పుతారు? ఈ భయం ఎట్ల పోతుంది?
– పేరు వద్దన్నారు

జవాబు: చెల్లెమ్మా, నీ ఉత్తరం చదివి నాకు సంతోషమైంది. వణుకు లేని కొత్త చేతిని చూస్తేనే నాకు భయం. గర్భసంచికి చిల్లు పడేది సుమారు వెయ్యి మందిలో ఒకరికే. కానీ ఆ ఒకరు మన చేతి కింద ఉండొచ్చు అన్న తలపు ఉండాల్సిందే.

సంతకు పోయి నాలుగు బొప్పాయిలు తెచ్చుకో. నవ్వొద్దు. అమెరికాలో మెడికల్ కాలేజీల్లో, నర్సుల వర్క్‌షాపుల్లో కాపర్-టీ వెయ్యడం బొప్పాయి మీదే మొదలుపెట్టిస్తారు. ఆకారం గర్భసంచి మాదిరే, తొడిమ వైపు సన్నగా ఉంటుంది, లోపల ఖాళీ. వాళ్ళకు అది కొనుక్కొచ్చుకోవాల్సిన సరుకు. అనంతపురం, కడప తోటల్లో మనకు కొరతా? పెద్ద సైజు వద్దు, పిడికిలికి కొంచెం పైన ఉండేది, దోరగా ఉండేది చూసుకో. మరీ మాగితే వల్సెలమ్ (ముఖద్వారాన్ని పట్టుకునే కొక్కేల పటకారు) పట్టగానే చీలిపోతుంది.

తొడిమ దగ్గర వల్సెలమ్‌తో పట్టు, నీ వైపు మెల్లగా లాగు. ఈ లాగడమే చాలామంది సరిగ్గా చెయ్యరు. గర్భసంచి ముందుకో వెనక్కో వంగి ఉంటుంది కదా, లాగితే ఆ వంపు సర్దుకుంటుంది, సౌండ్ నేరుగా పోతుంది. సౌండ్‌ను రెండు వేళ్ళ మధ్య పెన్సిలు పట్టినట్టు పట్టుకో, పిడికిలితో పట్టుకుంటే బలం వచ్చేస్తుంది. కొసన తగిలినప్పుడు ఆగు. ఎంత మెత్తగా తగిలిందో వేలికి తెలియాలి, అదే నేర్చుకోవాల్సింది. తర్వాత పండు కోసి చూడు, నీ సౌండ్ గోడను గీకిందా, దూసుకుపోయిందా తెలిసిపోతుంది. మనిషి దగ్గర ఇట్ల కోసి చూసే వీలుండదు గనకే ముందు పండు.

సౌండ్ 6 సెంటీమీటర్ల కంటే తక్కువ చూపించినా, 9 దాటినా కాపర్-టీ వెయ్యకుండా ఆగి డాక్టరుకు చూపించు. లోపలికి పోయేవన్నీ కొస తగలకుండా పట్టుకోవాలి, నో-టచ్ అని నీకు చెప్పే ఉంటారు. టీ చేతులను ప్యాకెట్ లోపలే మడిచి గొట్టంలో పెట్టు. అట్ల పెట్టినాక అయిదు నిమిషాలు దాటనివ్వొద్దు, దాటితే చేతులు తిరిగి పూర్తిగా విచ్చుకోవు. ఇంకోటి, కొత్తవాళ్ళలో పదిమందికి ఎనిమిది మంది తప్పేది ఇక్కడే: లోపలి తెల్ల కడ్డీని తొయ్యకూడదు. కడ్డీని కదలకుండా పట్టుకుని బయటి గొట్టాన్ని వెనక్కి లాగాలి. తోస్తే టీ కొస గోడకు గుచ్చుకుంటుంది. ఇది బొప్పాయిలో నీ చేతికి అలవాటైతే తర్వాత మర్చిపొమ్మన్నా మర్చిపోదు. దారాలు 3 నుంచి 4 సెంటీమీటర్లు వదిలి కత్తిరించు. మరీ పొట్టిగా కోస్తే గుచ్చుకుంటుందని మొగుడు తగువు పెట్టుకుంటాడు, ఆ తగువు మళ్ళీ నీ ఓపీకే వస్తుంది.

కాన్పు అయిన వెంటనే వేసేది వేరే కళ. మావి పడిన 10 నిమిషాల్లోపు గానీ, 48 గంటల్లోపు గానీ వెయ్యాలి. అది దాటితే ఆరు వారాలు ఆగాల్సిందే. కాన్పు అయిన కొత్తలో గర్భసంచి పెద్దగా, మెత్తగా ఉంటుంది కాబట్టి పొడవాటి కెల్లీ ఫోర్సెప్స్‌తో పైకొస దాకా పోవాలి. ఇంకో చెయ్యి పొట్ట మీద పెట్టి కొస తగిలిందా లేదా చూసుకోవాలి. పైదాకా పోకుండా మధ్యలో వదిలేస్తే జారి బయటికొచ్చేస్తుంది. ఇది బొప్పాయి మీద రాదు, లేబర్ రూమ్‌లో సీనియర్ చెయ్యి నీ చెయ్యి మీద పెట్టి నేర్పాలి. నీ పీహెచ్‌సీలో అట్లాంటివాళ్ళు లేకపోతే, మీ మెడికల్ ఆఫీసర్‌ను అడిగి కడప రిమ్స్ లేబర్ రూమ్‌లో కొన్నాళ్ళు డ్యూటీ వేయించుకో. సర్టిఫికెట్ ఉన్నాక మళ్ళీ నేర్చుకోవడానికి పోతే నామోషీ అనుకోవద్దు.

ఇంప్లాంట్ సంగతి కూడా అడుగుతారు కాబట్టి రెండు ముక్కలు. 4 సెంటీమీటర్ల పొడవు, 2 మిల్లీమీటర్ల మందం ఉన్న మెత్తని పుల్ల, పైచేతి లోపలి వైపు చర్మం కిందనే పెడతారు. పెట్టడం సులభం, తియ్యడంలోనే ఉంది కష్టం. లోతుగా కండలోకి పోయిందంటే వెతుక్కోవాల్సి వస్తుంది, నరాలూ రక్తనాళాలూ అక్కడే ఉంటాయి. అందుకే పెట్టగానే వేలితో తడిమి చూడాలి, ఆమెతో కూడా తడిమించాలి. చేతికి తగలకపోతే పెట్టినట్టు లెక్క కాదు.

మిలిటరీ పద్ధతిలో నాకు నచ్చేది ఒకటుంది. అక్కడ ప్రొసీజర్ ఒక్కటే నేర్పి వదలరు, చెడిపోతే ఏం చెయ్యాలో కూడా రిహార్సల్ చేయిస్తారు. ముఖద్వారాన్ని పట్టి లాగినప్పుడు కొందరికి నాడి పడిపోయి, చెమటలు పట్టి, కళ్ళు తిరుగుతాయి. అప్పుడు పరికరాలు తీసెయ్యి, కాళ్ళు పైకెత్తు, నాడి చూడు, పడిపోయిన నాడిని లేపే అట్రోపిన్ మందు ట్రేలో ఉందా. ఉందా అని అప్పుడు వెతుక్కోకూడదు, మొదలుపెట్టక ముందే ఉండాలి. నువ్వూ మీ ఏఎన్ఎమ్మూ కలిసి ఒక సాయంత్రం ఉత్తుత్తి కేసు పెట్టుకుని ఆడండి. ఆయా పేషెంటుగా పడుకుంటుంది, అడిగి చూడు.

ప్రశ్న: అమ్మా, మాది గుంతకల్లు. మా పాప సీఆర్‌పీఎఫ్‌లో కానిస్టేబుల్. లీవులో వచ్చినప్పుడల్లా మూత్రంలో మంట అంటుంది. డ్యూటీ జాగాలో ఆడవాళ్ళకు బాత్రూమ్ ఉండదంట, అందుకని నీళ్ళు తాగదంట. డాక్టరు మగాయన అని చెప్పుకోదు. మెడికల్ షాపులో మాత్రలు తెప్పించుకుంటుంది. ఏం చెయ్యాల?
– ఒక తల్లి

జవాబు: అమ్మా, మీ పాప ఒక్కతే కాదు. సీఆర్‌పీఎఫ్ తొలి మహిళా బెటాలియన్ 1986లో పుట్టింది. ఇన్నేళ్ళయినా ఎండలో నిలబడ్డ ఆడపిల్ల నీళ్ళ సీసా చూసి వెనకాడే పరిస్థితి ఉందంటే అది మందుల సమస్య కాదు, బాత్రూమ్ సమస్య. సైన్యాల్లో స్త్రీల వైద్యం అంటే అందరూ కాన్పులనుకుంటారు. ఫీల్డులో ఎక్కువగా చూడాల్సి వచ్చేవి ఇవే: మూత్రంలో మంట, తెల్లబట్ట, దురద, నెలసరి ఎక్కువ కావడం.

పాపతో ఈ మాట చెప్పండి. నీళ్ళు మానడం, మూత్రం బిగబట్టడం, ఈ రెండూ కలిస్తే సూక్ష్మజీవులు లోపలే పెరుగుతాయి. షాపులో ఇచ్చిన మాత్రలు రెండు రోజులు వేసుకుని మంట తగ్గగానే ఆపేస్తే తర్వాతిసారి ఆ మందు పనిచెయ్యకపోవచ్చు. మళ్ళీ వచ్చినప్పుడు మందు మొదలుపెట్టక ముందే మూత్రం కల్చర్ (ఏ సూక్ష్మజీవో, దానికి ఏ మందో తేల్చే పరీక్ష) చేయించుకోవాలి. చలి వణుకుతో జ్వరం, పక్కటెముకల కింద వెనక వైపు నొప్పి, వాంతులు ఉంటే మాత్రం అదే రోజు హాస్పిటల్. అది కిడ్నీ దాకా పోయిన గుర్తు. నెల తప్పి ఉంటే కూడా ఆలస్యం వద్దు.

అమెరికా సైన్యం ఆడ సైనికులకు నిలబడే మూత్రం పోసుకోవడానికి ఒక గరాటు లాంటిది ఇస్తుంది. ప్యాంటు విప్పక్కర్లేదు. మన దగ్గర కూడా ఆన్‌లైన్లో, పెద్ద మెడికల్ షాపుల్లో దొరుకుతాయి. సిగ్గుపడకుండా ఒకటి కొనివ్వండి. ఇంటి బాత్రూమ్‌లో అలవాటు చేసుకుని పోవాలి, డ్యూటీలో మొదటిసారి ప్రయత్నిస్తే తడిసిపోతుంది.

డాక్టరు మగాయన అని దాచుకునే పిల్లకు ఒక దారి ఉంది. హాస్పిటల్లో నర్సును అడిగి ముందు ఆమెకు చెప్పుకోవచ్చు, పరీక్ష చేసేటప్పుడు ఆడమనిషి పక్కన ఉండాలని అడగొచ్చు. అడగడం ఆమె హక్కు. రక్తహీనత కూడా చూపించండి. మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో 57 శాతం మందికి రక్తం తక్కువని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. నెలసరి ఎక్కువగా పోయే పిల్ల తుపాకీ మోస్తూ నిలబడితే ఆయాసం రాదా మరి? లీవులో ఉన్నప్పుడు రాగి సంగటి, ఆకుకూర పెట్టండి, కానీ వాటితోనే సరిపోతుందనుకోవద్దు. హిమోగ్లోబిన్ చూసి ఐరన్ మాత్రలు డాక్టరు ఇస్తే పూర్తిగా వాడాలి.

ప్రశ్న: నమస్కారం. నేను అనంతపురంలో రిటైర్డ్ హెడ్మాస్టరును. సూటిగా అడుగుతున్నాను. డాక్టరు చెయ్యాల్సిన పనులు నర్సులకు అప్పగించడం అంటే ఆడవాళ్ళను రెండో రకం వైద్యానికి నెట్టడం కాదా? మగ సైనికుడి హెర్నియా నర్సు చేస్తుందా?

జవాబు: మాస్టారూ, హెర్నియా మాట బాగుంది. చెయ్యదు, చెయ్యకూడదు. మగ సైనికుడి గాయానికి కుట్లు మాత్రం యూనిట్ నర్సింగ్ అసిస్టెంట్ వేస్తాడు, దాన్ని రెండో రకం అని ఎవరూ అనలేదు. కాపర్-టీ, ఇంప్లాంట్ ఆ కుట్ల కోవలోవి. 2012లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా ట్రైనింగ్ పొందిన నర్సులు ఈ రెండూ వెయ్యవచ్చని సిఫారసు చేసింది.

మీ అనుమానంలో నేను ఒప్పుకునే భాగం ఉంది. డాక్టర్లను పెట్టే ఖర్చు తప్పించుకోవడానికి నర్సు నెత్తిన రుద్దితే అది మోసమే. నేర్పకుండా, రాసివ్వకుండా ‘సిస్టర్, మీరే కానివ్వండి’ అనడం మన ఆసుపత్రుల్లో కొత్త కాదు. చెడితే నర్సు తప్పు, కుదిరితే డిపార్ట్‌మెంట్ గొప్ప. అందుకని ఏ ప్రొసీజర్ చెయ్యొచ్చో పేరు పేరునా రాసిన ఉత్తర్వు ఉండాలి, ఎవరి పర్యవేక్షణలో ఎన్ని చేసిందో సంతకాలతో లాగ్‌బుక్ ఉండాలి, ఫోనెత్తే గైనకాలజిస్టు ఉండాలి. ఈ మూడింట్లో ఏది లేకపోయినా చెయ్యొద్దనే నేను మా పిల్లలకు చెబుతాను. గర్భస్రావం చట్టప్రకారం డాక్టరు పనే, అందులో నర్సు వేలు పెట్టకూడదు. కడుపునొప్పితో వచ్చిన ఏ ఆడ సైనికురాలికైనా ముందు ప్రెగ్నెన్సీ కార్డు పరీక్ష చెయ్యడం, గర్భం ట్యూబులో నిలిచిందన్న అనుమానం వస్తే ఒక్క నిమిషం కూడా దాచుకోకుండా పైకి పంపడం మాత్రం నర్సు పని. నా లెక్కలో కాపర్-టీ కంటే ఇదే పెద్ద విద్య.

వీఐఏ సంగతీ చూడండి. 5 శాతం ఎసిటిక్ యాసిడ్ పూసి, ఒక నిమిషం ఆగి, తెల్లగా మారిందా అని చూడటం. మన ప్రభుత్వ పద్ధతిలో 30 ఏళ్ళు దాటిన స్త్రీకి అయిదేళ్ళకోసారి. దీనికి డాక్టరు కోసం కాచుక్కూర్చుంటే క్యాన్సర్ మన కోసం కాచుక్కూర్చోదు.

ఇంకొకటి. ఆడ సైనికుల సంఖ్య ఇప్పటిలాగే ఉండదు. 2020లో సుప్రీంకోర్టు ఆడ ఆఫీసర్లకూ పర్మనెంట్ కమిషన్, అంటే రిటైరయ్యేదాకా ఉద్యోగం, ఇవ్వాలని తీర్పు ఇచ్చింది. 2021లో మిలిటరీ పోలీసుల్లో తొలి మహిళా జవాన్ల బ్యాచ్ బెంగళూరులో ట్రైనింగ్ ముగించింది. 2022లో ఆఫీసర్లను తయారుచేసే నేషనల్ డిఫెన్స్ అకాడమీ (ఎన్‌డీఏ)లోకి ఆడపిల్లలు వచ్చారు. 2023 జనవరిలో కెప్టెన్ శివా చౌహాన్ సియాచిన్‌లో 15 వేల అడుగులు దాటిన కుమార్ పోస్టులో డ్యూటీకి ఎక్కింది. అంత ఎత్తుకు ప్రతి పోస్టుకూ ఒక గైనకాలజిస్టును ఎక్కిస్తారా మాస్టారూ? లేదంటే ప్రతి చిన్నదానికీ హెలికాప్టర్ దింపుతారా? ఆ మధ్యలో ఉండాల్సిన చెయ్యి ఎవరిదో మీరే చెప్పండి.

ప్రశ్న: మేడం గారూ, మా అమ్మాయి ప్రొద్దుటూరులో ఇంటర్ బైపీసీ. మిలిటరీ నర్సు అవుతానని పట్టుబట్టింది. ఎట్ల చేరాలి? ఆ ఉద్యోగంలో ఉంటే పెళ్ళి చేసుకోనివ్వరని మా బావమరిది అంటున్నాడు.
– ఒక తండ్రి

జవాబు: అన్నా, మీ బావమరిది పాత మాట చెబుతున్నాడు. ఒకప్పుడు అట్లాంటి రూలు నిజంగానే ఉండేది. 1988లో పెళ్ళి చేసుకుందని ఒక లెఫ్టినెంట్‌ను ఉద్యోగం నుంచి పంపించేశారు. ఆ రూలును 1995లో తీసేశారు. ఆమె మాత్రం కోర్టుల చుట్టూ తిరిగి తిరిగి 2024లో సుప్రీంకోర్టులో గెలిచింది, 60 లక్షలు ఇవ్వమన్నారు. చదువుకునే నాలుగేళ్ళూ పెళ్ళి కుదరదు, అంతే.

పుణె, కోల్‌కతా, ముంబై, ఢిల్లీ, లక్నో, బెంగళూరుల్లో సైన్యం నర్సింగ్ కాలేజీలు ఉన్నాయి. నీట్ రాయాలి, ఆ మార్కుల మీద పిలిచి ఇంకో పరీక్ష, ఇంటర్వ్యూ, మెడికల్ పెడతారు. సీట్లు దేశం మొత్తానికి 220 చూస్తున్నాం, అందుకని ఇదొక్కటే నమ్ముకోవద్దు, మామూలు బీఎస్సీకి కూడా అప్లై చేయించండి. బయట బీఎస్సీ చేసినవాళ్ళకూ షార్ట్ సర్వీస్ కమిషన్ (కొన్నేళ్ళ ఉద్యోగం) ప్రకటన పడుతుంటుంది. ఇంగ్లీషు మాట్లాడటం మీద ఇప్పుడే కూర్చోబెట్టండి. మన సీమ పిల్లలు బయాలజీలో కాదు, ఇంటర్వ్యూలో నోరు తెరవక పోగొట్టుకుంటున్నారు. బాండు రాయించుకుంటారు, అది మాత్రం తండ్రిగా మీరు ప్రతి లైనూ చదివి సంతకం పెట్టండి.

ప్రశ్న: మేడం, నేను మగవాణ్ణి, నంద్యాలలో బీఎస్సీ నర్సింగ్ చేశాను. మిలిటరీ నర్సింగ్ సర్వీసులో నాకు అవకాశం ఉందా?

జవాబు: ఆ సర్వీసులో ఆఫీసర్లుగా ఇప్పటిదాకా ఆడవాళ్ళనే తీసుకుంటూ వచ్చారు నాయనా. మగవాళ్ళకు ఆర్మీ మెడికల్ కోర్‌లో నర్సింగ్ అసిస్టెంట్ పోస్టులు ఉన్నాయి గానీ అవి జవాను స్థాయివి, వయసు పరిమితి కూడా తక్కువ. డిగ్రీ చదివిన నీకు అది కిట్టుబాటు కాకపోవచ్చు. ఎయిమ్స్ నర్సింగ్ ఆఫీసర్ పరీక్ష రాయి, అందులో మగవాళ్ళకూ కోటా ఉంది.